పొంగిన పడి, తుడిచిన పడి

మా ఇంట్లో జొన్నలు కొలిచేది నేనే. గోషాలో ఉండేదానికి ఇంకేం పనుందని మా అత్త అనేది. వంట చేసి, చెరిగి, మూటలు కుట్టి, పట్టేసిన నడుముతోనే గింజలు కొలిచే పడి పట్టుకునేదాన్ని. మా ఆయన ఉస్మాన్ పక్కన నిలబడి చెప్పేవాడు. రైతు దగ్గర కొనేటప్పుడు, “పొంగనీ. పైన కుప్ప నిలవాల.” అంగళ్లవాళ్లకు అమ్మేటప్పుడు, “చేత్తో తుడువు. అంచుకు సమం చెయ్.” లెక్కలో మాత్రం రెండూ ఒకటే పడి. మధ్యలో మిగిలిన గింజల డబ్బు ఆయన జేబులోకి పోయేది.

వ్యాపారంలో సగం మా ఆయన అన్నది, మా బావది. బావ పోయాక ఆ సగం ఆయన భార్య దిల్షాద్‌బీ అక్కకు రావాలి. కర్నూలు రాజధాని అయిన ఏడు ఈయన లెక్క చదివి, “ఏం మిగల్లేదు వదినా” అన్నాడు. కొన్న పడులూ అమ్మిన పడులూ సరిపోయాయి కదా, అక్క నమ్మింది. పిల్లలకు గంజి పోసి తాను నీళ్లు తాగి పడుకునేది.

అది చూడలేక, కొనేచోటా అమ్మేచోటా ఒకే తీరుగా కొలుద్దామని ఉస్మాన్‌తో అన్నాను. ఇనుప పడి లాక్కుని చెవి మీద కొట్టాడు. నెత్తురు జొన్నల్లో పడింది.

“ఆ గింజలు కడిగి ఎండబెట్టు. పారేస్తే నష్టం” అన్నాడు.

కడిగాను. కడుగుతున్నంతసేపూ అదే పడితో వాడి తల పగలగొట్టాలనిపించింది. ఆ చెవి ఇప్పటికీ వినపడదు. “మొగుడన్నాక ఒగ దెబ్బ ఏస్తాడు. లెక్కలు నీకెందుకే?” అంది అత్త.

జమ్మలమడుగు నుంచి దిల్షాద్‌బీ అక్క తమ్ముడు ఆమె వాటా అడగడానికొచ్చి, పెద్దమనిషి వలి బాషాను మా వసారాలో కూర్చోబెట్టాడు.

“అంతా సరిగ్గుంది మామా. కొలిచేది నా పెళ్లామే, దాన్నే అడుగు” అన్నాడు ఉస్మాన్. నా నోరు మూసేశానని వాడి ధీమా.

పరదా తోసుకుని బయటికొచ్చాను. “కొనేటప్పుడు పొంగిచ్చుకుంటాడు, అమ్మేటప్పుడు తుడిచి ఇస్తాడు మామా. రెండూ ఒగటే పడి అని రాస్తాడు. ఆ లెక్క నమ్మేదెట్ల?”

“అయితే మిగులుండాది. దాంట్లో సగం దిల్షాద్‌బీకి కట్టాల్సిందే” అన్నాడు వలి బాషా.

ఉస్మాన్ చెయ్యెత్తి నా మీదికి ఉరికాడు. అంతలో అందరూ చూస్తున్నారని గుర్తొచ్చింది కాబోలు, చెయ్యి దించి, ఎన్నడూ లేనంత మెత్తగా, “లోపలికి పోదాం పా షరీఫా” అన్నాడు.

నేను కదల్లేదు.

“లోపలికెందుకు? ఈడనే కొట్టు. లోపల ఎంత గట్టిగా కొడతావో, ఈడా అంతే గట్టిగా కొట్టు. అందరూ చూడనీ.”