తోలు పట్టీ లోపల

ఏడో టోపీని మరిగే నీళ్లలోంచి తీసి, రెండు చేతులా పిండి, ఆవిరి చల్లారకముందే చెక్క తలకి తొడిగింది ఆమె. ఉన్నిని కుడిచెవి మీదకి లాగింది. ఎడమ కన్ను పైన, పటాలం బిళ్ల కూర్చునే చోట, బొటనవేలితో గట్టిగా అదిమింది. అంచు కనుబొమకి రెండు వేళ్ల ఎత్తులో ఆగాలి. అందుకు కొలబద్ద అక్కర్లేదు, వేళ్లు ఉన్నాయి. ఎడం చెయ్యి పొద్దున్నుంచీ లాగుతూనే ఉంది. దాన్ని ఒకసారి విదిలించి, రేజరు అందుకుని, తడి ఉన్ని మీద లేచిన నూగు గీకడం మొదలుపెట్టింది.

కుట్టుగది గోడ మీద నిబంధనల కాగితం అంటించి ఉంది. చేతికి ఒకే ఉంగరం. మెడలో గొలుసు కాలరు దాటి కనపడకూడదు. నల్ల కళ్లద్దాలు టోపీ మీదకి ఎక్కించకూడదు. ఆడవాళ్ల పిన్నులు జుట్టు రంగులోనే ఉండాలి. అయిదో తరగతితో బడి మానేసిన ఆమెకి ఆ కాగితం మొత్తం కూడబలుక్కుని చదవాలంటే ఒక పూట పడుతుంది. కానీ గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి తల కొలత ఠక్కున చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా సైనికుల పేర్లు ఆమె నోటికి రాలేదు. అందరూ అంకెలే. ఒరే యాభై ఆరూ, నీ టోపీ కాకులు పీకినట్టుందేంట్రా అంటే, ఆ యాభై ఆరు కిక్కురుమనకుండా విప్పి ఇచ్చేవాడు.

ఆమెకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. టోపీ లోపల, నుదురు చుట్టూ తోలు పట్టీ ఉంటుంది. చెమటకి అది చివికిపోతే విప్పి కొత్తది వేయాలి. మొదటి ఏడాదే, అలా విప్పిన ఒక పట్టీ వెనక నుంచి గోరంత ఫొటో జారింది. తర్వాత ఎన్నెన్ని చూసిందో. మడిచి మడిచి మాసిపోయిన ఉత్తరం ముక్క, దారంతో కట్టిన వెంట్రుకలు, చిరిగిన బస్సు టికెట్టు. కనపడితే పైవాళ్లకి చెప్పాలి. ఆమె చెప్పలేదు. చెమట తగలకుండా పల్చటి గుడ్డలో చుట్టి, కుట్టు తెలియకుండా మళ్లీ లోపలే పెట్టేసేది. టోపీ తీసుకోవడానికి వచ్చినవాడు పట్టీ చుట్టూ బొటనవేలు తిప్పి చూసుకునేవాడు. కాస్త తల వంచి వెళ్లిపోయేవాడు. అంతే.

పోయిన వారం గాలికి ఒకడి టోపీ ఎగిరి, అందులో దాచిన ఫొటో పెద్దాఫీసరు బూటు ముందు పడింది. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. టోపీలో తల తప్ప ఇంకేమీ ఉండకూడదు. దొరికితే నెల రోజులు సెలవు రద్దు. సార్జెంటు ఇవాళ్టి పరేడ్‌లో ప్రతి టోపీ విప్పించి, పట్టీ తడిమి చూస్తాడట. అది విన్నవాళ్లంతా ఎవరివి వాళ్లు తీసేసుకున్నారు. ముందువరసలో నిలబడే పన్నెండు మంది టోపీలకి కొత్త పట్టీలు వేసే పని ఆమె మీద పడింది. పదకొండు పట్టీల్లో దారప్పోగు కూడా లేదు. విప్పుతుంటే ఆమెకి ఎందుకో ఖాళీ ఇళ్ల తాళాలు తీస్తున్నట్టు అనిపించింది.

పన్నెండోవాడు పదిన్నరకి వచ్చాడు. దూరపు కాపలా నుంచి రాత్రే దిగాడు, ఉత్తర్వు సంగతి తెలియదు. ఆమె లెక్కలో యాభై ఎనిమిది. పట్టీ విప్పగానే చిన్న ప్లాస్టిక్ చుట్టు బయటపడింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ చేతికి వేసేది. అంకె సగం చెరిగిపోయింది. అందులో ఆమె రెండు వేళ్లు కూడా సరిగ్గా పట్టలేదు.

ఉత్తర్వు సంగతి చెప్పింది. వాడు చుట్టు మీద చెయ్యి వేశాడు.

"నేనింకా పాపని చూడలేదు పెద్దమ్మా. రెండో నెల వచ్చేసింది. ఇది మా ఆవిడ ఉత్తరంలో పెట్టి పంపింది. రేపే నా సెలవు."

"రేపు ఆ చెయ్యే పట్టుకుంటావు కదరా. ఇవాళ్టికి ఇది నా దగ్గర ఉంచు. పరేడ్ అయ్యాక అయిదింటికి రా."

"పోదు కదా?"

"ఇరవై ఆరేళ్లలో ఒక్కటి పోయిందా?"

ఆ మాట పైకి అనడం అదే మొదలు. వాడు తల వంచి వెళ్లిపోయాడు.

ఇంటి దగ్గర ఆమె కూతురికీ మూడు నెలల బిడ్డే. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందా లేదా అని గడియకోసారి చూస్తుంది పిచ్చిపిల్ల. పొద్దున బయల్దేరుతుంటే, ఇవాళైనా డాక్టరు దగ్గరికి వెళ్దామమ్మా, మెట్లెక్కితే నీ రొప్పు పక్కింటికి వినపడుతోంది అని కొంగు పట్టుకుంది. పరేడ్ అయ్యాక రేపు చూద్దాంలే అంది ఆమె. రేపు అనే మాట ఎంత సులువుగా వస్తుందో నోటికి.

చుట్టుని అరచేతిలో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలా అని చూస్తుండగానే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సార్జెంటు. సొరుగులు లాగి చూసే అలవాటు వాడికి. బల్ల మీద సూదుల దిండు ఒక పక్క కుట్టు విడిపోయి నెల నుంచీ పొట్టు రాలుస్తోంది. దానిలోకి చుట్టు దూర్చి, పొట్టు సర్ది, ఆకుపచ్చ దారం ఉన్న సూది అందుకుంది.

సార్జెంటు గుమ్మంలో ఆగి, ఏం కుడుతున్నావంటే, పొట్టు రాలి చస్తోంది, ఇన్నాళ్లకి తీరింది అంది తలెత్తకుండా. అతను సొరుగు లాగాడు, తోశాడు. యాభై ఎనిమిది టోపీ తీసి, సగం విప్పిన పట్టీ వెనక వేలు తిప్పాడు.

"ఇదొక్కటే ఇంకా పూర్తి కాలేదేం?"

"వచ్చిందే ఇప్పుడు. నీ టోపీ అయితే ఇంకా ఆలస్యమయ్యేది సారూ. చేరినప్పుడు యాభై తొమ్మిది. భుజం మీద మూడు గీతలు పడ్డాక అరవై ఒకటి."

నవ్వు దాచుకోవడానికి అతను కిటికీ వైపు తిరిగాడు. వెళ్తూ వెళ్తూ, మొహం అలా పాలిపోయిందేం, కాసేపు కూర్చో అన్నాడు. ఆమె దిండు చివరి కుట్టు ముడివేసి, దారం పళ్లతో కొరికింది.

మూడున్నరకి మైదానంలో బ్యాండు మొదలైంది. ఆమె కుర్చీని కిటికీ దగ్గరకి ఈడ్చుకుంది. ఆ పాటికే తల ప్రాణం తోకకొచ్చింది. కింద పన్నెండు టోపీలు, పన్నెండూ ఒకే వాలు. సార్జెంటు ఒక్కొక్కరి ముందు ఆగి, టోపీ తీయించి, బొటనవేలు తిప్పి ఇచ్చేస్తున్నాడు. యాభై ఎనిమిది దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగినట్టు అనిపించింది. తర్వాత అదీ తలకెక్కింది. కనుబొమకి రెండు వేళ్ల ఎత్తులో.

అమ్మయ్య అనుకుంది. చెయ్యి లాగడం కూడా తగ్గినట్టే ఉంది. కాసేపు బల్ల మీద తల వాల్చింది.

ఇస్త్రీ గదిలో పనిచేసే, ఆమె తమ్ముడూ అని పిలిచే అతను రోజూ లాగే టీ తెచ్చి, అక్కా అని పిలిచాడు. రెండోసారి పిలిచి, గ్లాసు కింద పెట్టేశాడు.

అయిదింటికి యాభై ఎనిమిది వచ్చేసరికి గది నిండా మనుషులు. నలుగురు పట్టి ఆమెని మెట్లు దింపుతుంటే తల వైపు వాడే పట్టుకున్నాడు. తర్వాత పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కత్తెర, రేజరు, సుద్దముక్క, సూదుల దిండు, చల్లారిన టీ. నీకేం కావాలి బాబూ అని అడిగాడు ఇస్త్రీ తమ్ముడు.

"ఏం లేదన్నా."

టోపీ చేత్తోనే పట్టుకుని మెట్లు దిగిపోయాడు. తెల్లవారి మొదటి బస్సుకి ఇంటికి వెళ్లాడు.

వారం తర్వాత ఆ కుర్చీలోకి కొత్తావిడ వచ్చింది. చెక్క తలల్ని తుడిచింది, దారాలు రంగుల వారీగా సర్దుకుంది. పాత దిండు మాత్రం అలాగే ఉంచుకుంది. ఒక పక్క ఆకుపచ్చ దారంతో కొత్తగా కుట్టి ఉంది, గట్టి కుట్టు. ఎటొచ్చీ, అటువైపు గుచ్చిన సూది సగం దాకా మెత్తగా దిగి, లోపల దేనికో తగిలి ఆగిపోయేది.