చేతులు ఊపే పని

గ్రైండర్‌లోంచి పిండి తోడుతుంటే కుడి చెయ్యి భుజం దగ్గరే పట్టేసింది. గిన్నె జారి సగం పిండి నేలపాలైంది. హాల్లోంచి మా ఆయన యువరాజ్‌, "ఏం పడేసినావ్‌?" అన్నాడు. ఏం పడిందో అడిగాడు గానీ ఎందుకు పడిందో అడగలేదు. చెయ్యి లేవడం లేదన్నాను. "చేతులు ఊపే పనికి అంత నొప్పా?" అని మళ్ళీ ఫోన్‌ చూసుకున్నాడు.

తొండియార్‌పేటలో మా తెలుగు చర్చిలో పాటలు పాడే బృందాన్ని, క్వయర్‌ని, చేత్తో నడిపించే కండక్టర్ని నేను. మా అత్త చెల్లమ్మ, పక్కింటివాళ్ళతో "మా కోడలు కండక్టరు" అంటే, ఏ రూట్‌ బస్సులో అని అడిగారట. దాన్ని చెప్పుకుని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. పగలు స్కూల్లో మ్యూజిక్‌ టీచర్ని. డిసెంబరొస్తే స్కూల్లో యాన్యువల్‌ డే, చర్చిలో క్రిస్మస్‌ ఆరాధన, ఇల్లిల్లూ తిరిగి పాడే కేరల్స్‌, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ప్రాక్టీసు సాగినంతసేపూ నా చెయ్యి గాల్లోనే ఉంటుంది. పైస్వరం పాడేవాళ్ళు పరుగెత్తకుండా ఆపేదీ, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో అందరికీ చూపించేదీ ఆ చెయ్యే. ఇంటికొస్తే పిండి తోడేదీ, నీళ్ళ బిందెలు మేడెక్కించేదీ, ఆయన తెల్ల చొక్కాలు పిండేదీ కూడా అదే.

ఆ క్వయర్లో యువరాజ్‌ కూడా పాడతాడు. కిందిస్వరం పాడే బేస్‌ గొంతులు నాలుగుంటే అందులో ఒకటి ఆయనది. డిసెంబరంతా ఆ గొంతుకి మా ఇంట్లో కొత్తల్లుడి మర్యాద. వాడికి ఐస్‌వాటర్‌ ఇయ్యొద్దు, ఈడ ఫ్యాన్‌ గాలికి పడుకోనియ్యొద్దు అంటూ అత్త నాకు జాగ్రత్తలు చెబుతుంది. మిరియాల పాలు కాచేది నేను. ఆవిరి పట్టడానికి నీళ్ళు మరిగించేది నేను. ఆయన టిఫిన్‌ తిని, గొంతు సవరించుకుంటూ ప్రాక్టీసుకి బండెక్కుతాడు. నేను గిన్నెలు కడిగి, ఖాళీ కడుపుతో వెనకాల ఎక్కుతాను.

పిండి పడిపోయిన మర్నాడు స్కూలు నుంచి ఒక్కదాన్నే ఫిజియోథెరపీకి వెళ్ళాను. అక్కడి సునయన మేడమ్‌ నా భుజం కదిపి చూసి, కండరం వాచిపోయింది, ఇలాగే వాడితే క్రిస్మస్‌ నాటికి మీ జడ మీరు వేసుకోలేరు అంది. పాటకి ముందు భుజాలు మెల్లగా తిప్పుకోమంది. ఏదైనా తిని వెళ్ళమంది, మధ్యలో కూర్చోమంది. నెల రోజులు బరువెత్తకూడదు, ఇంట్లో సాయానికి ఎవరున్నారు అని అడిగింది. కాళ్ళూ చేతులూ బాగున్న ఇద్దరు మనుషులు కళ్ళముందు మెదిలారు. ఎవరూ లేరన్నాను.

ఇంట్లో ఆ మాట చెబితే అత్త, "పాటకి నిలబడే ఓపికుంటాది, ఇంటి పనికొచ్చేసరికే నొప్పొస్తాదా?" అంది. అంత కష్టమైతే క్వయర్‌ మానెయ్‌, ఎవరో ఒకరు చూసుకుంటారని తేల్చేశాడు యువరాజ్‌. చర్చిలో పాస్టరయ్యగారు దేవుని సేవలో అలసట ఉండదమ్మా అని ప్రార్థన చేసి, ఆదివారం క్వయర్‌ పిల్లలకి ఉప్మా కూడా నువ్వే చేసుకొస్తావు కదా అన్నారు. ఒక్కరూ పిండి రుబ్బడం మానెయ్యమనలేదు. బిందెలు దించమనలేదు. నాదంటూ నాకున్నది ఆ పాట ఒక్కటే, మానెయ్యమన్నది దాన్నే. స్కూలు నుంచి బస్సులో వస్తుంటే ఒళ్ళు మండిపోయింది. అరవాలనిపించింది. బిందెని మెట్ల మీద నుంచి దొర్లించెయ్యాలనిపించింది.

శనివారం సాయంత్రం ప్రాక్టీసు. పాట బాగా పైకి లేచే చోట చెయ్యెత్తాను. చెయ్యి దానంతటదే పడిపోయింది. తలా ఒక దారిలో పోయి పాట ఆగిపోయింది. ఆడవాళ్ళ ఆల్టో వరసలోంచి విజి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. అప్పుడు బేస్‌ వరసలో యువరాజ్‌ పక్కవాడితో, "ఇంట్లో కూడా ఇదే డ్రామా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. అంత గుంపులో ఎవరి స్వరం వెంట్రుకవాసి దిగిందో పట్టుకునే చెవి నాది. ఎవరు నవ్వారో పట్టుకోలేననుకున్నాడు.

కుర్చీ వెయ్యమన్నాను. కూర్చుని నీళ్ళు తాగాను. విజి సంచిలోంచి బన్ను తీసిస్తే నిదానంగా, చివరి ముక్క దాకా తిన్నాను. అందరూ నిలబడి ఎదురుచూశారు. నా తిండి కోసం మనుషులు ఆగడం అదే మొదటిసారి. తర్వాత లేచాను.

"యువరాజ్‌," అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదటిసారి. "బేస్‌కి ముగ్గురు చాలు. ఇంట్లో ఒక మనిషి తక్కువైంది. ఈ నెల మీరు ఆడ ఉండండి."

ఆయన మొహం నల్లబడింది. "అందరి ముందర ఏం మాట్లాడతా ఉండావ్‌?"

"మీరు నవ్విందీ అందరి ముందరే."

ఆయన, ముందు కుర్చీలో ఉన్న అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు పాటల కాగితాల వైపు చూశారు. యువరాజ్‌ ఫైలు కుర్చీ మీద పడేసి తలుపు దాకా వెళ్ళి, నేను పిలుస్తానని అక్కడే నిలబడ్డాడు. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. అత్త ఏమంటుందో మాటతో సహా తెలుసు. పిలవలేదు.

ఎడమ చెయ్యి ఎత్తాను. అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. పాట మొదలైంది.

బేస్‌ ఏమీ తగ్గలేదు.