విని పెట్టిన వేలిముద్ర

ఇప్పచెట్టు ఒక్కసారిగా కూలదు. ముందు వేళ్ళు పటపటా తెగుతాయి, తర్వాత మాను మూలుగుతుంది, ఆఖరున కొమ్మల మీది పువ్వంతా ఒక్కపెట్టున రాలుతుంది. జంపక్క ఇదంతా పది బారల దూరంలో నిలబడి చూసింది. ముందుకు పోకుండా ఇద్దరు గార్డులు లాఠీలు అడ్డం పెట్టారు.

చర్ల అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది ఊటవాగు గుంపు అనే చిన్న కోయ పల్లె. అక్కడ ఇప్పచెట్టుకు పట్టా ఉండదు. చెట్టు కింద ఆకులు ఊడ్చి తగలబెట్టిన వాళ్ళదే పువ్వు. ఈ చెట్టు కింద జంపక్క అత్త ఊడ్చింది, అత్త పోయాక జంపక్క ఊడ్చింది. 2002 ఏప్రిల్‌లో పోడు చేల మధ్య కందకం తవ్వడానికి ఫారెస్టువాళ్ళు బుల్డోజరు తెచ్చారు. దారికి అడ్డమని చెట్టును తోసేశారు. కందకం అవతల పడ్డ జంపక్క రెండెకరాలూ ఇక సర్కారువట. ఆమెకు వేరే భూమి లేదు.

"ఏంది సారూ, పువ్వు రాలే కాలమన్న చూడరా?" అంది జంపక్క.

"నోరు మూసుకో" అన్నాడు గార్డు. ఆ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ ఊళ్ళో బడి నడిపే విద్యా వాలంటీరు పేరు భార్గవి. తల్లాడ దగ్గరి తండా పిల్ల, తండ్రి బ్యాంకులో అటెండరు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పేది. సాయంత్రం తునికాకు కల్లంలో కట్టలు కట్టే ఆడవాళ్ళకు పేపరు చదివి వినిపించేది. మూడు రోజుల పాత పేపరైనా వాళ్ళకు తాజాయే.

ఒకనాటి పేపర్లో ఒక ఫొటో వచ్చింది. బుల్డోజరు ముందు కూలిన చెట్టును కావలించుకుని ఏడుస్తున్న ముసలామె. జంపక్క పేపరు లాక్కుని చూసింది.

"ఏ ఫారెస్టు రేంజి ఇది?"

"రేంజి కాదక్కా, పాలస్తీనా. సముద్రాల అవతల ఉంటది. ఇజ్రాయెల్ సైన్యం ఆళ్ళ ఇండ్లు కూలుస్తుంది, చెట్లు పెకిలిస్తుంది."

"ఏం చెట్టు?"

"ఆలివ్ చెట్టు. కాయ పిండి నూనె తీస్తరు."

"మన ఇప్ప లెక్కనే" అంది జంపక్క. చేతిలోని కట్ట కింద పెట్టేసింది. ఆ ముసలామె ముఖం ఆమెకు అత్త ముఖంలా కనబడింది.

ఊటవాగులో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి చెట్టును ఇంకొకరు కూలిస్తే, చూసినవాళ్ళు పంచాయితీలో నిలబడి చెప్పాలి. చూసి చెప్పనివాడు నరికినవాడితో సమానం. ఫొటోలో చూసినా చూసినట్టే కదా. మరి ఎవరికి చెప్పాలి?

"చెట్ల సంగతి రేంజరుకే చెప్పాలె" అని తేల్చాడు ఊరి పెద్ద గోపాలు పటేలు.

భార్గవి నవ్వింది. "రేంజరు ఏం చేస్తడు పటేలా? ఢిల్లీకి పంపుదాం."

"ఢిల్లీకి గూడ పంపు. రేంజరుకు చెప్పకపోతే చూసి దాచినమంటడు."

భార్గవి ఒప్పుకుంది. ఒప్పుకోకుండా ఉండాల్సింది. కాగితం మీద రాసినవి నాలుగే మాటలు. సముద్రం అవతల పాలస్తీనాలో ఒక అమ్మ చెట్టును మిషనుతోటి కూల్చిన్రు. మా ఊళ్ళె జంపక్క చెట్టును గూడ గట్లనే కూల్చిన్రు. రెండూ మేం చూసినం. రెండూ తప్పే. విత్తనాల పండుగనాడు కల్లంలో దీని మీద మీటింగు పెడతామని, సారపాక కాగితం మిల్లు కాంట్రాక్టు కూలీలు కూడా వస్తారని కింద రాశారు. భార్గవి రెండుసార్లు చదివి వినిపించాక ముప్పై ఎనిమిది మంది వేలిముద్రలు వేశారు. మొదటిది జంపక్కది. పటేలు స్వయంగా తీసుకెళ్ళి రేంజి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. పోలీసులకు కావాల్సిన పేర్లన్నీ వరసగా రాసి, వేలిముద్రలతో సహా, ఊరే వాళ్ళ చేతిలో పెట్టిందన్నమాట.

ఆ ఏడు మార్చిలో ఢిల్లీలో రెండు సభలనూ ఒకచోట కూర్చోబెట్టి పోటా అనే ఉగ్రవాద నిరోధక చట్టం పాస్ చేసుకున్నారు. నిషేధించిన సంస్థకు మద్దతుగా సభ పెట్టినా, మాట్లాడినా ఏళ్ళకేళ్ళు జైలు. చెట్టు కూలిందని చెప్పడం ఏ సంస్థకు మద్దతో ఆ చట్టంలో లేదు, కానీ రేంజరు ఆ కాగితం అందించిన చర్ల ఎస్సైకి అంత చదివే ఓపికా లేదు. బడికి పలకలు రావడానికి ఏడాది పట్టిన ఊరికి పోటా రెండు నెలల్లో వచ్చేసింది.

పండుగ ముందు రోజు పొద్దున్నే బస్సు కోసం నిలబడ్డ భార్గవిని జీపెక్కించారు. మధ్యాహ్నానికి ఎస్సై ఊళ్ళో దిగాడు.

"పోలీసు యాక్టు సెక్షన్ ముప్పై నడుస్తుంది. పర్మిషన్ లేకుండ మీటింగు పెడితే లోపలేస్త. ఇగ ఈ కాయితానికైతే పోటా. బెయిలు మాట మర్చిపోండ్రి." అంతలోనే గొంతు మెత్తబడింది. "మీకేం తెల్వదు, నాకెరుకే. రేషన్ కార్డు కాయితమని చెప్పి పంతులమ్మ వేలు పెట్టిచ్చుకుంది. గంతే కద? గా మాట రాసుకొస్త, రేపు వేలు పెట్టుండ్రి. మిమ్ముల ఇడిచిపెడ్త. కందకం అవతలి చేన్ల గురించి రేంజరుతోటి నేనే మాట్లాడ్త."

జీపు పోగానే ఊరంతా కల్లంలో చేరింది.

"పెట్టేద్దాం" అన్నాడు పటేలు. "లంబాడోళ్ళ పిల్ల. అయ్యకు నౌకరీ ఉంది, వకీలును పెట్టుకుంటడు. మనకెవడున్నడు?"

"నా మొగడు ఒకపాలి జైలుకు పోయొచ్చిండు" అంది చంటిదాన్ని చంకనేసుకున్న శారద. "ఆర్నెల్లు గంజి తాగినం. నాతోని కాదు."

నిజం చెప్పాలంటే జంపక్కకూ ఆశ పుట్టింది. రెండెకరాలు! వానలు దగ్గరపడ్డాయి, ఒక్క వేలిముద్ర వేస్తే విత్తనం వేసుకోవచ్చు. ఆ ఆశకు తనకే సిగ్గేసి లేచి నిలబడింది.

"మామా, ఆ కాయితం రేంజరుకు ఇయ్యాలన్నది ఎవరు?"

పటేలు కర్ర అందుకుని లేవబోయాడు.

"మనం. తప్పు మనది, జైలు ఆమెదా? లంబాడామె అయితే ఏంది, కోయామె అయితే ఏంది? మనకు చదివి ఇనిపిచ్చింది ఆమెనే గద. ఇంకోటి అడుగుత. మనకేం తెల్వదంటున్నడు ఎస్సై. నా చెట్టు కూలంగ నేను చూడలే? రేపు తెల్వదని వేలు పెడితే, ఎల్లుండి కందకం సంగతి అడిగినా నీకేం తెల్వదంటడు. ఇగ ఎన్నడు నోరు తెరుస్తం?"

శారద చంటిదాన్ని చంక మార్చుకుని అంది, "మీటింగు పెట్టనియ్యరు కదా వదినా."

"మీటింగెందుకు? రేపు పండుగ. దారి కాస్తం కద."

విత్తనాల పండుగకు మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు రోడ్డుకు వెదురుబొంగు అడ్డం పెట్టి, ఆడి పాడి, వచ్చే పోయే బండ్లను ఆపుతారు. ఏదో ఒకటి ఇవ్వకుండా బండి కదలకూడదు. కలెక్టరు కారైనా ఆగాల్సిందే. దీనికి తాతల నాటి నుంచి ఎవరూ పర్మిషన్ అడగలేదు. ఆ ఏడు మగవాళ్ళు కూడా వేట మానుకుని రోడ్డు మీదికి వచ్చారు. పటేలు ఒక్కడే ఇల్లు కదల్లేదు.

మొదట భద్రాచలం బస్సు ఆగింది. దాని వెనక సారపాక మిల్లుకు పోయే వెదురు లారీ ఆగింది. డ్రైవరు వెంకటప్పయ్య అలవాటుగా రూపాయి బిళ్ళ చాపాడు.

"పైస వద్దన్నా. ఒక్క మాట ఇను" అంది జంపక్క. నాలుగు మాటలూ చెప్పింది.

వెంకటప్పయ్య ఇంజను ఆపేశాడు. "ఇంతేనా? ఇంతమాత్రానికే ఆ పిల్లని పట్టుకెళ్ళారా? మిల్లు గేటు దగ్గర నేను చెప్తానమ్మా" అన్నాడు. అటు బస్సులో ఒకరు చెబుతుంటే ఇంకొకరు వింటున్నారు. కొందరు విసుక్కున్నారు, చాలామంది దిగి వచ్చారు.

అప్పుడు జీపు వచ్చింది. ముందు సీట్లో ఎస్సై, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య భార్గవి. భద్రాచలం కోర్టుకు తీసుకుపోతున్నారు. భార్గవి పెదవి చిట్లి ఉంది.

ఎస్సై బొంగు కేసి చూశాడు, జనం కేసి చూశాడు, నవ్వాడు. "మంచిదే. సాక్షులు గూడ ఉన్నరు." రాసుకొచ్చిన కాగితం, సిరా డబ్బా జీపు బానెట్ మీద పెట్టించాడు. "ఏమే, రా. వేలు పెట్టు."

జంపక్క బానెట్ దగ్గరికి వచ్చింది.

"చదివి ఇనిపియ్యి సారూ."

"నీకెందుకే?"

"ఇనకుండ వేలు పెట్ట. ఆ కాయితం మీద గూడ ఇన్నంకనే పెట్టిన."

జనం మధ్య నుంచి ఎవరో "చదవండి సార్, తప్పేంది" అన్నారు. ఎస్సై సైగ చేస్తే జీపు నడిపే హోంగార్డు రూప్లా చదివాడు. అతనూ తండా మనిషే. రేషన్ కార్డు కాగితమని నమ్మించి మోసం చేసిందనీ, అందులో ఏముందో మాకు తెలియదనీ చదివేటప్పుడు అతని గొంతు తడబడింది.

"అబద్దం" అంది జంపక్క. "ఆ కాయితంల ఏముందో చెప్పనా? సముద్రం అవతల పాలస్తీనాల ఒక అమ్మ చెట్టును మిషనుతోటి కూల్చిన్రు."

"మా ఊళ్ళె జంపక్క చెట్టును గూడ గట్లనే కూల్చిన్రు" అంది శారద, చంటిదాన్ని ఎత్తుకుని ముందుకు వస్తూ.

"రెండూ మేం చూసినం" అన్నారు వెనక నుంచి. "రెండూ తప్పే" అన్న మాట మొత్తం రోడ్డు అంది.

"దీన్ని ఎక్కియ్యుండ్రి!" ఎస్సై అరిచాడు. కానిస్టేబుళ్ళు జంపక్క రెక్కలు పట్టుకున్నారు. అంతలో జనాన్ని తోసుకుంటూ కర్ర టకటకలాడించుకుంటూ గోపాలు పటేలు వచ్చాడు. ఎవరినీ అడగకుండా సిరాలో వేలు ముంచి ఆ కాగితం వెనక గట్టిగా నొక్కాడు.

"నేను ఇన్న. రేంజరుకు ఇచ్చింది గూడ నేనే. రాసుకో."

అతని వెనక శారద వేలు నొక్కింది, ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఎస్సై కాగితం లాక్కునేసరికి తొమ్మిది పడ్డాయి. అతను ఎంత అరిచినా జీపులో ముగ్గురికే చోటు. భార్గవి పక్కన జంపక్కను, పటేలును కుక్కారు.

ఆడవాళ్ళు బొంగు వదల్లేదు. జీపులోంచి జంపక్కే అరిచింది. "ఎత్తుండ్రి! కోర్టుల గూడ చెప్పాలె."

బొంగు లేచింది. బస్సులో పట్టినంతమంది ఎక్కారు, మిగతావాళ్ళు నడక మొదలుపెట్టారు. వెంకటప్పయ్య లారీ హారను కొడుతూ కదిలింది.

"అక్కా, నువ్వెందుకొచ్చినవ్? నీ చేను పాయె కద" అంది భార్గవి ఏడుపు ఆపుకుంటూ.

"చూసిన కద పంతులమ్మా."

"నోరు మూసుకో!" ముందు సీట్లోంచి ఎస్సై గసిరాడు.

జంపక్క సిరా అంటని తన బొటనవేలి కేసి ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "సముద్రం అవతల పాలస్తీనాల ఒక అమ్మ చెట్టును..." భార్గవి గొంతు కలిపింది, పటేలు గొంతు కలిపాడు. వెనక బస్సులోంచి కూడా అదే వినబడుతోంది.