ఒకటే పొయ్యి అని రాయించాను

బొగ్గు గని కోసం మా వీధిని ఖాళీ చేయించే ముందు, కుటుంబాలను లెక్క రాసుకోవడానికి సర్వేయరు వచ్చాడు. అప్పటికి నాలుగేళ్లుగా నేనూ నా తోటికోడలూ ఒకే ఇంట్లో వేరుగా వండుకుంటున్నాం. కూరలో ఉప్పెక్కువైందన్న మాట దగ్గర మొదలైన పంతం అది. పరాయివాడి ముందు పరువు పోతుందని ఆమె కిరసనాయిలు స్టవ్వును నేనే మంచం కిందికి తోసేశాను.

"ఎన్ని పొయ్యిలమ్మా?" అన్నాడు.

"ఒకటే. మాకు వేరు కుంపట్లేమిటండీ," అన్నాను గొప్పగా. తోటికోడలు నా వంక వింతగా చూసింది.

పొయ్యికొక కుటుంబమనీ, కుటుంబానికొక ఇల్లు ఇస్తారనీ జాబితా అంటించాకగానీ మాకు తెలియలేదు. ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా, రాసింది రాసిందేనన్నారు.

కొత్త కాలనీలో మాకొచ్చింది రెండు గదులు. మేం తొమ్మిదిమందిమి. మరిది ఎక్కడో దూరాన సిమెంటు ఫ్యాక్టరీలో పని చూసుకున్నాడు.

వాళ్ల సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే తోటికోడలి చెయ్యి పట్టుకున్నాను. "నా మాట విను, ఎలాగోలా సర్దుకుందాం. పిల్లలు కనబడకపోతే నాకు తోచదే."

"నాలుగేళ్లలో ఒక్కపూటైనా అన్నానికి పిలిచావా అక్కా?" అంది. గొంతులో కోపం లేదు. "అందరం కలిసే తింటామని ఆ సర్వేయరుతో చెప్పావు కదా. నిజంగానే పిలుస్తావనుకుని ఆ సాయంత్రం నేను వంట కూడా మొదలుపెట్టలేదు."

ఆమె వ్యానెక్కి కూర్చున్నాక, వాళ్ల చిన్నపిల్లను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టాను. దారిలో తినడానికి ఏమైనా కట్టుకున్నావా అని అడిగాను.

కట్టుకున్నానంది.