గట్టు లేని స్నానాలగది

నేను ఒక షవర్ ట్రేని, స్నానాలగదిలో షవరు కింద పరిచే పలకని. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, రెండంగుళాల మందం. రాతిపొడిలో జిగురు కలిపి అచ్చులో పోస్తే పుట్టాను. పైన ఇసుకలా కాస్త గరుకు ఉంటుంది, తడి కాలు జారకుండా. ఒక మూల నీళ్ళు పోయే కన్నం, దాని మీద స్టీలు జాలీ. నన్ను నేలలో దించి, చుట్టూ ఉన్న టైల్సుకు సమానంగా అమర్చాలి. గడప ఉండదు, గట్టు ఉండదు. నడిచొచ్చినవాళ్ళు తెలియకుండానే నా మీదకి వచ్చేస్తారు.

కాకినాడలో టైల్సు అమ్మే ఒక షాపులో రెండేళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డాను. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "గట్టు లేకపోతే నీళ్ళు బయటికి వచ్చెయ్యవా?" షాపాయన నీళ్ళు కన్నం వైపే పారేలా నేలకిచ్చే వాటం గురించి చెప్పబోయేవాడు. వాళ్ళు వినకుండా పళ్ళెమంత షవర్లు కొనుక్కుని వెళ్ళేవారు. ఆ ఇళ్ళలో చాలామంది ఇప్పటికీ ఆ షవరు కింద బకెట్టు పెట్టుకుని చెంబుతోనే పోసుకుంటారని డెలివరీ ఇచ్చే మనిషి చెబుతుంటే విన్నాను.

నన్ను కొన్నది పల్లంరాజు. హార్బరు దగ్గర చేపల బోట్ల ఇంజన్లు బాగుచేసే కొట్టు అతనిది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లటి గ్రీజు. వాటం సంగతి అడగలేదు. జేబులోంచి చిన్న కాగితం తీసి నా కొలతలు చూసుకుని, "ఇదేనండి. మా ఆవిడ రాసిచ్చింది" అన్నాడు.

ఆ ఆవిడ పేరు మణిమాల. హైస్కూల్లో లెక్కల టీచరు. మూడేళ్ళ కిందట బోర్డు మీద రాస్తుంటే చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. తర్వాత మెట్ల దగ్గర కాలు తడబడింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బన్నారు, మందు లేదన్నారు. చక్రాల కుర్చీలోకి వచ్చింది. వాళ్ళ అద్దె ఇంట్లో స్నానాలగది పెరటి చివర ఉండేది, దానికి జానెడు గట్టు. రోజూ పల్లంరాజు ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని, మిగతా మూడు వాటాలవాళ్ళూ చూస్తుండగా పెరడంతా దాటించేవాడు. వాళ్ళు మంచివాళ్ళే, జాలిపడేవాళ్ళు. ఆ జాలికే ఆమె రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు స్నానం చేయడం మొదలుపెట్టింది. అందుకే సామర్లకోట వెళ్ళే దారిలో, కొత్త లేఅవుట్లో, రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు.

నన్ను చూసి సూర్యచంద్రం మేస్త్రి కాసేపు చుట్టూ తిరిగాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఇలాంటిది చూడలేదు. అయినా తెలియదని ఒప్పుకోకుండా ఒక పూటలో నన్ను పరిచేశాడు. మర్నాడు పొద్దున పల్లంరాజు ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ స్నానాలగదిలోకి వచ్చింది. నా అంచు దగ్గర ముందు చక్రాలు ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగిపోయాయి. కింద పైపుకి పునాది దూలం అడ్డొచ్చిందని మేస్త్రి నన్ను అర అంగుళం పైకి పెట్టాడు.

"అర అంగుళమే కదా. నేను ఎత్తి పెడతాలే" అన్నాడు పల్లంరాజు.

"మీరు ఎత్తి పెట్టేటట్టయితే ఈ ఇల్లంతా దేనికండీ? అక్కడా ఎత్తుకునే తీసుకెళ్ళేవారు కదా" అంది ఆమె. గొంతు పెంచలేదు.

మేస్త్రి తలగుడ్డ విప్పి, "ఓసారి నన్ను కూకోనివ్వండమ్మా అందులో" అన్నాడు. పల్లంరాజు ఆమెను ఎత్తి, సిమెంటు బస్తాల మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. మేస్త్రి కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో చక్రాలు తోసుకుంటూ వచ్చాడు. ఆగిపోయాడు. మూడోసారి గట్టిగా తోస్తే ముందుకి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. లేచి సుత్తి, ఉలి తీసుకున్నాడు.

"నాలుగు రోజుల్లో గృహప్రవేశం, మేస్త్రీ" అన్నాడు పల్లంరాజు.

"పాలు వంటింట్లో పొంగిత్తారు బాబూ. ఇక్కడ కాదు కదా."

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ముక్కలు కాకుండా బయటికి వచ్చాను. అతను నేల పగలగొట్టి, పైపును దూలం పక్కనుంచి గోడలోకి తిప్పి, మూడు రోజులు పని చేశాడు. రెండోసారి నా కింద ఒక్క చోట కూడా డొల్ల లేకుండా సిమెంటు కూరాడు. చెంబుతో నీళ్ళు పోసి, అవి ఎటు పోతున్నాయో చెంప నేలకి ఆనించి చూశాడు. మణిమాల మళ్ళీ వచ్చినప్పుడు చక్రాలు చప్పుడు లేకుండా నా మీదకి ఎక్కాయి. ఆమె ఎత్తు కొలవడానికి స్కేలు తెచ్చుకుంది. తీయలేదు.

గృహప్రవేశం మర్నాడు ఆమె లోపల గడియ వేసుకుంది. పల్లంరాజు బయట కూర్చున్నాడు.

"అయ్యిందా?"

"ఇంకా లేదండి."

మళ్ళీ కాసేపటికి, "అయ్యిందా?"

"మీరెళ్ళి కొట్టు తెరుచుకోండి. నాకు చాలాసేపు పడుతుంది."

సబ్బు జారి జాలీ దాకా వచ్చేసింది. ఆమె వంగి అందుకోలేదు, పిలవనూ లేదు. సబ్బు లేకుండానే, ఒక్కో కాలు చేత్తో పైకి లాక్కుని మడమలు రుద్దుకుంది. తర్వాత ఏమీ చేయకుండా నీళ్ళ కింద ఊరికే కూర్చుంది. మర్నాటికి పల్లంరాజు సబ్బుకి కన్నం వేసి, బోటు తాడు పోగొకటి కట్టి ఆమె మణికట్టుకి తగిలించాడు.

అలా చాలా రోజులు గడిచాయి. తర్వాత చేతుల వంతు వచ్చింది. ముందు కుళాయి తిరగలేదు. అతను మోచేత్తో నెట్టేలా పొడుగు పిడి పెట్టాడు. కొన్నాళ్ళకి గడియ పడలేదు. తలుపు వేలెడు సందుతో ఉండిపోయేది. అతను ఆ సందుకి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆషాఢంలో ఒక పొద్దున, లోపలినుంచి ఆమె పిలిచింది. "ఏవండీ, లోపలికి రండి."

ఆ ఇంట్లో ఆ మాట అదే మొదటిసారి. అతను లేచి, చెప్పులు విడిచి, నా మీదకి వచ్చాడు. తన స్నానం పెరటి కుళాయి దగ్గరే కాబట్టి, అప్పటిదాకా అతని వట్టి పాదం నాకు తెలియదు.

"చెయ్యి పైకి లేవట్లేదండి. షాంపూ కళ్ళల్లోకి వచ్చేస్తోంది" అంది.

అతను ఆమె తల వెనక్కి వంచి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి కడిగాడు. బోల్టుల మీద తప్ప ఓపిక చూపించడం తెలియని చేతులనుకున్నాను.

"రెండువందల తొమ్మిది రోజులు ఒక్కదాన్నే పోసుకున్నానండి" అంది.

"లెక్కపెట్టుకున్నావా?"

"మరి లెక్కల టీచర్ని కదా."

ఆ తర్వాత రోజూ ఇద్దరూ వచ్చారు. అతని లుంగీ మోకాళ్ళ దాకా తడిసేది. ఇద్దరూ తక్కువ మాట్లాడుకునేవారు. కార్తీకం వచ్చేసరికి ఊపిరి తీయడానికి కూడా ఆమెకు బలం చాల్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆరో రోజున తిరిగి తెచ్చారు.

బంధువులు వాకిట్లో బల్ల వేశారు. చివరి స్నానం అక్కడే చేయించాలని, అది పద్ధతని ఒక పెద్దాయన అన్నాడు.

"దానికి బయట ఇష్టం ఉండదు మావయ్యా. లోపలే పొయ్యండి" అన్నాడు పల్లంరాజు.

ఆడవాళ్ళు నలుగురు ఆమెను లోపలికి తెచ్చి నా మీద పడుకోబెట్టారు. పసుపు రాసి, గోరువెచ్చని నీళ్ళు పోశారు. ఆ రోజు తలుపు పూర్తిగా వేశారు.

తర్వాత కూడా అతను పెరట్లో కుళాయి దగ్గరే పోసుకునేవాడు. నా గదికి తాళం వేయలేదు కానీ, రాలేదు. నాలుగు నెలల తర్వాత సూర్యచంద్రం మేస్త్రి వచ్చాడు. పిఠాపురంలో నడవలేని ఒక అమ్మాయికి ఇలాంటి ట్రే కావాలని, షాపువాళ్ళు ఇప్పుడు తేవట్లేదని నసుగుతూ చెప్పాడు.

"తీసుకెళ్ళు" అన్నాడు పల్లంరాజు. ఆలోచించినట్టు కూడా లేదు.

మేస్త్రి అంచున ఒక టైలు లేపి, ఉలి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"రాదు బాబూ. తీత్తే ముక్కలైపోద్ది. ఆ రోజు ఇంకెప్పటికీ కదలకుండా వెయ్యాలనిపించింది నాకు." తర్వాత, టైలు మళ్ళీ అతికిస్తూ అన్నాడు: "ఆ పిల్లకి సిమెంటుతోనే వాటం తీసి చేత్తాలెండి. ఇప్పుడు తెలుసు కదా."

వెళ్ళబోతూ ముక్కు ఎగబీల్చాడు. "ఈ గది వాడట్లేదా? జాలీ కింద కాసిని నీళ్ళు నిలవుంటాయి, మురిక్కాలవ వాసన రాకుండా. వాడకపోతే అవి ఎండిపోతాయండి. రోజూ ఓ చెంబుడు నీళ్ళు పొయ్యండి చాలు."

అప్పటినుంచి రోజూ, కొట్టుకి వెళ్ళే ముందు, పల్లంరాజు చెప్పులు విడిచి నా దగ్గరికి వస్తాడు. చెంబుడు నీళ్ళు మెల్లగా పోస్తాడు. అవి వాటం వెంట పారి, జాలీలోకి దిగిపోయేదాకా నిలబడతాడు. నీళ్ళు పోయాక కూడా, నేను ఆరేదాకా నిలబడతాడు. అంతసేపు నిలబడమని మేస్త్రి చెప్పలేదు.