గార్డెన్ రీచ్‌లో బొంబాయి గ్రూపు

తను చదివే విశ్వవిద్యాలయంలో రక్తదాన శిబిరం పెట్టిన రోజు కారుణ్య వెళ్ళింది సేవ చేద్దామని కాదు, చూద్దామని. ఒంట్లోంచి రక్తం సంచిలోకి ఎలా చేరుతుందో తెలుసుకోవాలనిపించింది. సంచి నిండినంతసేపూ తల తిప్పుకోకుండా చూసి, వాళ్ళిచ్చిన అరటిపండూ, సందేశ్ అనే బెంగాలీ మిఠాయీ తిని, తనది ఓ పాజిటివ్ అనుకుంటూ ఇల్లున్న గార్డెన్ రీచ్‌కి బస్సెక్కింది.

ఆ వారంలోనే బ్లడ్ బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. "ఒకసారి రాగలవా? భయపడాల్సిందేం లేదు" అంది డాక్టర్ సుచరిత.

భయపడొద్దన్నారు కాబట్టే భయపడుతూ వెళ్ళింది. సుచరిత ఆమెను కూర్చోబెట్టి, గాజుపలక మీద రెండు చుక్కలు వేసింది. "ఈ ఎర్రది ఓ గ్రూపు మనిషి రక్తకణాలు. ఈ పసుప్పచ్చది నీ రక్తంలోంచి తీసిన సీరం."

రెండూ కలపగానే ఎర్రచుక్క విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోయింది.

"నాదీ ఓ అయితే ఇలా అవకూడదు కదా దీదీ?"

"అవకూడదు. పైకి ఓ గ్రూపులా కనిపిస్తుంది గానీ, నీది బొంబాయి గ్రూపు. ఓ వాళ్ళ రక్తంలో కూడా ఉండే ఒక పదార్థం నీలో లేదు. అందుకే వాళ్ళ రక్తం నీకు పడదు. నీలాంటి వాళ్ళదే ఎక్కించాలి."

"మేం శ్రీకాకుళం వాళ్ళం. నేను బొంబాయి చూడను కూడా లేదు!"

సుచరిత నవ్వింది. "మొదట కనిపెట్టింది అక్కడ. మీ అమ్మానాన్నలు బంధువులా?"

"మా నాన్నకి అమ్మ మేనమామ కూతురు. అమ్మమ్మా తాతయ్యలదీ మేనరికమే."

"సొంత మేనమామ కూతురా!" సుచరిత ఆశ్చర్యపోయింది. "అయితే మీ ఇంట్లో ఈ గ్రూపు వాళ్ళు ఇంకెవరైనా ఉండొచ్చు. అందర్నీ తీసుకురా."

ఇంట్లో ఈ మాట చెప్పగానే తల్లి విజయ కుమారి చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చింది. "నీ రక్తానికేటైందే?"

"ఏటీ అవలేదమ్మా. అరుదైందట."

పోర్టులో క్రేన్ నడిపే తండ్రి శామ్సన్ వెంటనే వస్తానన్నాడు. రానన్నది మేనమామ ఎలీయాజరు ఒక్కడే. ఓడల యార్డులో వెల్డింగు చేసే ఆయనకు త్వరలో తుంటి ఆపరేషన్ ఉంది.

"ఆపరేషన్ ముందు ఆస్పత్రోలే సూస్తారు కదే, నాకెందుకు ఇప్పుడు?"

"సూస్తారు మావా. అప్పుడు తేడా తెలిస్తే రక్తం ఎక్కడ దొరుకుద్ది?"

ఎలీయాజరు చెప్పులేసుకున్నాడు.

బ్లడ్ బ్యాంకులో కారుణ్య గాజుపలక పక్కనే నిలబడింది. నాన్నది బీ, అమ్మది ఏ అని తేలింది. మావయ్య సీరంతో కలిపిన చుక్క మాత్రం విరిగింది. "అదుగో, నాలాగే!" అని ఎగిరినంత పని చేసింది. అంతలో ఎలీయాజరు ముఖం చూసి నోరు మూసుకుంది. ఆయన తుంటి మీద చెయ్యి వేసుకుని అక్క వైపు చూస్తున్నాడు.

"కారుణ్య ఇచ్చిన సంచి మా ఫ్రిజ్‌లోనే ఉంది" అంది సుచరిత. "ఆపరేషన్ దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతాం. సర్జన్‌తో నేనే మాట్లాడతాను."

ఆపరేషన్‌లో అనుకున్నదానికన్నా ఎక్కువే రక్తం పోయింది. సంచి అవసరం పడింది. కారుణ్యను లోపలికి పంపేసరికి అందులో అడుగున కొంచెం మిగిలి, చుక్క చుక్కగా దిగుతోంది. అది ఎవరికో, తనకెప్పటికీ తెలియని మనిషికి వెళ్ళిపోతుందనుకుంది ఆ రోజు. ఇప్పుడది మావయ్య ఒంట్లోకే వెళ్తోంది.

ఎలీయాజరు కళ్ళు తెరిచాడు. "ఏటే, అలా సూస్తున్నావు?"

"ఎలా ఉంది మావా?"

"సెయ్యంతా సల్లగా ఉందే."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది.

బయట వరండాలో విజయ కుమారి ఫోనులో బడ్జ్ బడ్జ్ అనే ఊళ్ళో ఉండే చెల్లెలు మేరీరాణితో మాట్లాడుతోంది. "సూదంటే బయమా? పిల్లల్ని కన్నావు, దీనికి బయమేటే? ఆదివారం చర్చి అవగానే అందర్నీ బస్సెక్కించుకుని బ్లడ్ బ్యాంకుకి వచ్చెయ్. కారుణ్య దగ్గరుండి సూపిస్తాది."