దిష్టి తీసిన ఈనెలు

చీపురును గోనెగుడ్డలో చుట్టి మెట్ల కింద నిలబెట్టి, అప్పలకొండమ్మ మళ్ళీ వీధి కుళాయి దగ్గరకు పోయింది. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా సబ్బు రుద్దుకుంది. గోళ్ళ సందుల్లో మట్టి పుల్లతో తీసింది. తెల్లవారుజాము నుంచి ఊడ్చిన వీధి ఒంటిమీద ఎక్కడా మిగలకూడదు.

నిన్నటి ఎర్రజెండాల మీటింగు చెత్త ఎత్తేసరికి ఇవాళ అసలే ఆలస్యమైంది. పని దిగేముందు వార్డాఫీసులో రెండో హాజరు ఉంటుంది. నిన్న అందుకోలేకపోయింది.

"ఈయాల కూడా రానేదంటే పేరు కొట్టీడమే. నానేటీ సెయ్యలేను, కొండమ్మా," అని మేస్త్రీ సత్యారావు పొద్దున్నే చెప్పేశాడు. రాని వాళ్ళ బదులు పనిచేసే బదిలీ మనిషి ఆమె. ఒకసారి కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కదు.

మేడమీద సోమయాజులుగారి ఇల్లు. బ్యాంకు బదిలీమీద కలకత్తా వచ్చి పడ్డారు. ఆయనకు కూతురు పుట్టిందని తల్లి మంగాదేవి కాకినాడ నుంచి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కింద కూర్చోలేదు. పసిపిల్లను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళుపోసే తెలుగు మనిషి ఈ ఊళ్ళో దొరకడమే అదృష్టమనుకుంది. ఇంకెక్కడ చేస్తావని అడిగితే, ఇలాగే నాలుగిళ్ళలో పోస్తానని అప్పలకొండమ్మ చెప్పేసింది. వీధులూడుస్తానంటే గడప తొక్కనిస్తారా?

పోనీ ఈ నీళ్ళుపోసే పని మానుకోవచ్చు కదా అంటే, మనసొప్పదు. చీపురు పట్టిన చేతిని ఎవరూ చూడరు. ఇక్కడ మంగాదేవి రోజూ నీ చెయ్యి మంచిదంటుంది. ఆ మాటకోసం ఎంత దూరమైనా పరుగెత్తుకొస్తుంది వెర్రిది.

ఆ ఇంట్లోనే ఉంచుకున్న తెల్లచీర కట్టుకుని, కాళ్ళు చాపి పిల్లకు నూనె మర్దనా చేసింది. నలుగు పెట్టి నీళ్ళుపోసి, సాంబ్రాణి పొగ వేసింది. తన చీరకు మార్చుకుని, తడిసిన తెల్లచీర డాబామీద ఆరేసి వచ్చింది. పిల్ల ఏడుపు మాత్రం ఆపలేదు. గుక్కపట్టి నీలిరంగుకు తిరుగుతోంది. బాలింత కూడా ఏడుపు మొదలెట్టింది.

దిష్టి తగిలిందన్నది మంగాదేవి. ఇంట్లో ఉన్నది మెత్తని గడ్డి చీపురు, నాలుగు కొబ్బరి ఈనెలైనా లేవని వాపోయింది.

హాజరు వేళ దగ్గరపడుతోంది. అప్పలకొండమ్మ పిల్లవైపు చూసింది. గబగబా కిందికి దిగి, తన చీపురులోంచి గుప్పెడు ఈనెలు లాగి, కుళాయి కింద కడిగి, కొంగుతో తుడిచి పట్టుకొచ్చింది. పిల్ల చుట్టూ తిప్పి వెలిగిస్తే చిటచిటలాడాయి. పిల్ల రెండు వెక్కిళ్ళు వెక్కి, ఆమె వేలు పట్టుకుని నిద్రలోకి జారుకుంది.

మంగాదేవి ముఖం విప్పారింది. బూడిద పళ్ళెంలోకి ఎత్తుకుని, కూడలిలో పోసివస్తానని మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి తానే మెట్లు దిగింది.

అప్పుడు గుర్తొచ్చింది అప్పలకొండమ్మకు, గోనెగుడ్డ తిరిగి చుట్టలేదని. లేచి పరుగెత్తవచ్చు. పిల్ల వేలు వదల్లేదు.

మంగాదేవి ఖాళీ పళ్ళెంతో తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మెట్ల కింద ఆ చీపురెవరిది?"

ఎదురుగా టీకొట్టు వాళ్ళదనవచ్చు. నోటిదాకా వచ్చిన అబద్ధం, ఆ గుప్పిట్లో వేలు పెట్టుకుని చెప్పలేకపోయింది.

"నాదేనమ్మగోరూ. కార్పొరేషన్లో సేస్తన్నాను. కడుక్కునే ఒచ్చేదాన్ని."

మంగాదేవి కేకలు వెయ్యలేదు. రేపట్నించి రావద్దంది. వంటింట్లోకి పోయి, పిల్లకు మళ్ళీ పోయడానికి నీళ్ళు పొయ్యిమీద పెట్టింది.

"మీరే పొయ్యండమ్మగోరూ," అంది అప్పలకొండమ్మ, వేలు మెల్లగా విడిపించుకుంటూ. "ఇప్పుడే పడుకుంది. నిద్దర నేచినాక పొయ్యండి."

మెట్లు దిగింది. చీపురు భుజాన వేసుకుని అందరూ చూస్తుండగానే వీధిలోకి వచ్చింది. మలుపు తిరగకముందే మేడమీంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఆగితే పేరు పోతుంది. ఆగలేదు.

సత్యారావు పేరు పిలిచినప్పుడు, ఉన్నానంది.

సోమయాజులుగారి డాబామీద తీగకు తెల్లచీర, నలుగు మరకల కొంగు కిందికి వేలాడుతూ, ఇంకా నీళ్ళోడుతూనే ఉంది.